చేతికియ్యని చాకు

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మా సారు నా చాకును చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. తప్పు నాది కాదు. బట్టలో పెట్టి కుట్టిన పార్సిల్ ఒకటి నా ముందు పడేసి, "గిది జర ఇప్పమ్మా" అన్నది ఆయనే. నేను హ్యాండ్‌బ్యాగు తెరిచాను, చాకు తీశాను, బొటనవేలితో టక్కున విప్పాను. మడత చాకు. కట్టె పిడి, పిడికి రెండు వైపులా ఇత్తడి బిళ్లలు, విప్పితే నా అరచేతి కంటే కొంచెం పొడవు.

"ఏందమ్మా గది?"

"చాకు సారూ."

"చాకని నాకెరికే. ఆఫీసుకెందుకు తెచ్చినవ్?"

"మా బాపు ఇచ్చిండు."

ఆ జవాబుకు ఆయన భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పన్నెండేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చి, కోరుట్ల బస్టాండు ఎదురుగా మెట్లెక్కితే ఉండే రెండు గదుల్లో వీసాల ఆఫీసు పెట్టుకున్న మనిషి. రోజుకు యాభై మంది వచ్చి గొడవపడేవాళ్లు. వీసా రాలేదని ఒకడు, వచ్చిన వీసా వేరే పనికి వచ్చిందని ఒకడు. అలాంటి ఆఫీసులో టైపు చేయడానికి వచ్చిన పిల్ల చాకుతో వచ్చిందంటే, పాపం, ఆయన ఏమనుకోవాలి? నేనేమో ఆయన ముఖం చూసి కిసుక్కున నవ్వాను. నాకు నవ్వు ఆపుకోవడం చేతకాదు. కోపం కూడా అంతే. రెండూ చెప్పి రావు.

మాది సిరిసిల్ల. మా బాపు ముప్పై ఏళ్లు సాంచెలు నడిపాడు. సాంచెలంటే మా దగ్గర పవర్‌లూమ్స్. బట్ట తాను నిండాక సాంచె మీంచి కోసి దింపేది ఆ చాకుతోనే. ఒకరోజు షెడ్డు సేటు సాంచెలన్నిటినీ తుక్కు కింద లారీకెక్కించి అమ్మేశాడు. సరిగ్గా ఆ వారమే నాకు కోరుట్లలో పని దొరికింది. నేను బట్టలు సర్దుకుంటుంటే బాపు వచ్చి చాకును గడప పక్కన నేల మీద పెట్టాడు.

"కోసెతందుకు నాకు బట్ట యాడుంది ఇగ? నువ్వుంచుకో బిడ్డా. బస్సులల్ల తిరుగుతవ్."

నేను వంగి తీసుకున్నాను. మా దగ్గర చాకు చేతికివ్వరు. ఉప్పు, కారం ఎట్లా చేతికివ్వరో ఇదీ అంతే. చేతికిస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ కొట్లాట అవుతుంది. కింద పెట్టాలి, రెండోవాళ్లు తీసుకోవాలి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో గుర్తుండదు. నడక నేర్చుకున్నట్టే నేర్చుకుంటాం.

నిజం చెప్పాలంటే బాపుకూ నాకూ కొట్లాటలు లేవు. నేను కొట్లాడేదాన్ని, ఆయన ఊరుకునేవాడు. బాపుతో గొడవ పెట్టుకోవాలంటే ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుకోవాలి. నేను ఎగిరెగిరి అలసిపోయాక, "అన్నం తిందాం పా" అనేవాడు. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండేది.

వారం తిరిగేసరికి ఆ చాకు లేకపోతే మా ఆఫీసు నడవని పరిస్థితి వచ్చింది. పార్సిళ్లు విప్పాలంటే చాకు. పెన్సిళ్లు చెక్కాలంటే చాకు. గల్ఫ్‌కు పోయేవాళ్లు తెచ్చిన కార్టన్ల నైలాన్ తాళ్లు కోయాలంటే చాకు. మధ్యాహ్నం జామకాయలు, సాయంత్రం సారు షుగరుకని తెప్పించుకున్న కీరదోసకాయ, అన్నీ దానితోనే. ఫారాలు నింపే అన్న ఒకాయన మా ఆఫీసులో ఉండేవాడు. ఆయన టిఫిన్ డబ్బా మూత ఇరుక్కుంటే అదే చాకు. మొదట్లో "గా చాకు దూరం వెట్టమ్మా" అన్న సారు, పదో రోజుకల్లా తన గదిలోంచి "ఏమ్మా, మన చాకేదీ?" అని కేకేయడం మొదలుపెట్టాడు. మన చాకంట! మా బాపు ముప్పై ఏళ్లు వాడిన చాకు!

అడిగిన వాళ్లకల్లా నేను టేబుల్ మీద పెట్టేదాన్ని. వాళ్లు తీసుకుని, పని చూసుకుని, మళ్లీ టేబుల్ మీద పెట్టేవాళ్లు. సారు మాత్రం, "పన్నెండేండ్లు దేశాలు తిరిగొచ్చిన, గియ్యన్ని నేను నమ్మనమ్మా" అంటూనే టేబుల్ మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాడు.

పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించేది కూడా దానితోనే. స్కేలు ఆనించి గీస్తే చక్కగా వచ్చేవి. ఒకసారి స్కేలు జారింది. పెగడపల్లి నుంచి వచ్చిన ఒక గీత కార్మికుని ఫోటోలో కుడిచెవి సాంతం పోయింది. నాలుగు ఫోటోల్లోనూ పోయింది, ఎందుకంటే నాలుగూ ఒకదానిమీద ఒకటి పెట్టి గీశాను, నా తెలివికి. ఆయన ఆ ఫోటోలు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడి, తల ఇటు తిప్పి, అటు తిప్పి చూపించాడు.

"బిడ్డా, నాకు రెండు చెవులున్నయ్. లెక్కవెట్టుకో."

నేను నవ్వు ఆపుకోలేక టైపు మిషన్ మీద తల పెట్టేశాను. ఆయన చాకును టేబుల్ మీంచి తీసుకుని అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు.

"గింత మొద్దు దానితోని కోస్తె చెవులు వోక ఏమైతయ్? తాటిచెట్టు ఎక్కెటోనికి గిసోంటి కత్తి ఇస్తె, చెట్టు దిగకు, పొద్దుగూకెదాక ఆడనే ఉండు అంటది."

మర్నాడు ఆయన తన పలక తెచ్చాడు. గీత కత్తులు నూరుకునే కట్టె పలక. దానిమీద రాతిపొడి చల్లి, మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, వీసా కోసం వచ్చినవాళ్లంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, గంటసేపు నూరాడు. తర్వాత తన ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూపించాడు. చాకును మెట్టు మీద పెట్టాడు, నేను తీసుకున్నాను. కొత్త ఫోటోలకు పైసలు తీసుకోకుండా నేనే దగ్గరుండి దిగించుకొచ్చాను, రెండు చెవులతో.

ఇట్లా నవ్వుకుంటూ పనిచేస్తున్న రోజుల్లోనే ఒక పొద్దున కొత్తగా వచ్చిన పాస్‌పోర్టుల వివరాలు టైపు చేస్తూ ఒకచోట ఆగిపోయాను. చిరునామా మాది. ఫోటోలో బాపు. కొత్త చొక్కా వేసుకుని, దువ్వుకుని, ఎన్నడూ చూడనట్టు కెమెరాను చూస్తున్నాడు. నాకు తెలియకుండా ఫారాలు నింపే అన్నకు ఇచ్చిపోయాడు. నా ఆఫీసుకొచ్చి, నేను బ్యాంకు పని మీద బయటికి పోయిన సమయం చూసి మరీ ఇచ్చిపోయాడు.

ఆ శనివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేదాకా బస్సులో నా రెండు పెదవులూ ఆడుతూనే ఉన్నాయి. ఏమేం అనాలో అన్నీ తయారు చేసుకున్నాను. పక్క సీటావిడ చందుర్తిలో దిగుతూ, "దేవుని మీద భారమెయ్యి బిడ్డా" అని నా తల నిమిరి పోయింది.

ఇంట్లో అడుగుపెట్టగానే అంతా అనేశాను. ముప్పై ఏళ్లు షెడ్డు నీడలో బతికిన మనిషివి, ఎండలో అరగంట నిలబడితే కళ్లు తిరిగే మనిషివి, ఓట్ల లైన్లో పడిపోతే నలుగురు మోసుకొచ్చారు, నీకు ఎడారి కావాలా అన్నాను. బాపు అంతా విన్నాడు.

"అందుకే నీ ఆఫీసుల ఇచ్చిన బిడ్డా. ఏదన్న నీడ పని చూడు. ఇంకో ఏజెంటు రాడ్లు కట్టే పనికి రేపే తోల్త అన్నడు. నీ దగ్గర కాకుంటె గా పనికే వోత. కూసుంటె ఎట్ల?"

రాడ్లు కట్టే పనంటే రోజంతా ఎండలో, ఇనుము మీద. అక్కణ్ణించి వచ్చిన ఫోన్లు ఎత్తేదాన్ని నేనే. "మేడమ్, మావోడు ఎండకు పడిపోయిండు" అనే మాట వారానికి రెండుసార్లు వినేదాన్ని. బాపును ఆపడం నా చేతిలో లేదు. నీడలో పెట్టడం ఒక్కటే ఉంది.

నెల తిరక్కుండానే నీడ పని వచ్చింది. ఎనిమిది వందల మంది కూలీలుండే ఒక క్యాంపుకు వంటగదిలో సహాయకులు కావాలన్నారు. ఎండ లేదు, పైగా ఏసీ ఉంటుందన్నారు. కంపెనీ తరఫున డెలిగేట్ వచ్చి జగిత్యాలలో ఇంటర్వ్యూ చేస్తాడన్నారు. అంతా బాగుంది కానీ, ఒక మెలిక ఉంది. పోయినసారి వంట వచ్చని చెప్పి వచ్చినవాళ్లకు ఉల్లిగడ్డకు ముడ్డేదో ముఖమేదో తెలియలేదట. అందుకని ఈసారి ప్రతివాడూ తన ఎదుట ఉల్లిగడ్డలు కోసి చూపించాలన్నాడు.

మా బాపు జన్మలో ఉల్లిగడ్డ కోయలేదు.

ఆ వారం చాకును బాపు దగ్గరే వదిలిపెట్టాను. ఆఫీసులో సారు పార్సిల్ దారాన్ని పండ్లతో కొరికి, పై పన్ను కదిలించుకున్నాడు. ఇంట్లో మాత్రం సాధన నడిచింది. ముందు ఆదివారం నేనూ ఉన్నాను. మా దగ్గర అవ్వంటే అమ్మే. అవ్వ కత్తిపీట ముందు కూర్చుని ఎట్లా కోయాలో చూపించింది. బాపు చాకు పట్టుకున్నాడు. ఉల్లిగడ్డ పైపొర తీశాడు. దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. ఇంకో పొర తీశాడు. చిక్కుపడిన నూలు విప్పినట్టు ఒక్కొక్క పొరా విప్పుతూ పోయాడు. పావుగంట గడిచింది, ఉల్లిగడ్డ అయిపోయింది, కోయడం మాత్రం మొదలవలేదు.

"ఉల్లిగడ్డనా, పట్టుచీరెనా?" అంది అవ్వ.

మూడు కిలోలు కోశాం. ముగ్గురమూ కోశాం. చిన్న ఇల్లు, ఒక్కటే కిటికీ. ముగ్గురికీ కళ్లూ ముక్కులూ కారుతున్నాయి. అవ్వ కొంగుతో తుడుచుకుని ఇంకా మంట పెంచుకుని, "అయ్యో, సచ్చిపోతున్ననే" అని గట్టిగా అరిచింది. నేను నవ్వుతూ ఏడుస్తున్నాను.

అంతే, దబదబా తలుపు తోసుకుని పక్కింటావిడ వచ్చింది. వెనకాల ఇద్దరు మగవాళ్లు, వాళ్ల వెనకాల ఇంకో పదిమంది. ఆ రోజుల్లో సిరిసిల్లలో ఏ ఇంట్లో ఏడుపు వినపడినా వాడకట్టంతా పరుగెత్తుకొచ్చేది. ఎందుకొచ్చేదో మాకందరికీ తెలుసు. సాంచెలు ఆగిపోయిన ఇళ్లలో మనుషులు తమ ఊపిరి కూడా తామే ఆపుకుంటున్న కాలం. పక్కింటావిడ కళ్లు ముందుగా మా బాపును వెతికాయి. ఆయన చాకు పట్టుకుని, ముఖమంతా నీళ్లతో, ఉల్లిపొట్టు మధ్య కూర్చుని ఉన్నాడు.

"ఉన్నవా అన్నా?" అంది ఆమె.

"ఉన్న చెల్లె. ఉల్లిగడ్డలు కోస్తున్న."

ఆమె గడప మీద కూలబడి, "నీ ఉల్లిగడ్డ మన్నువడ, పానం పోయినంత పనాయె గద!" అని తిట్టి, తర్వాత నవ్వి, తర్వాత నిజంగానే ఏడ్చింది. వచ్చినవాళ్లంతా ఊరికే పోవడమెందుకని తలా రెండు ఉల్లిగడ్డలు కోసి పోయారు. వారం రోజులు మా వాడకట్టులో అందరి ఇళ్లలోనూ ఉల్లిగడ్డ కూరే. వారం చివరికి బాపు ఒక్క ఉల్లిగడ్డను ఆరు నిమిషాల్లో కోయడం నేర్చుకున్నాడు. ముక్కలు మాత్రం కాగితం కంటే పల్చగా వచ్చేవి.

ఇంటర్వ్యూ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో. నలభై మంది వచ్చారు. రెండు చెవులాయన కూడా వచ్చాడు, నన్ను చూసి రెండు చెవులూ పట్టుకుని చూపించాడు. ఫారాలు నింపే అన్న రెండు ఉల్లిగడ్డల బస్తాలు ఆటోలో తెచ్చాడు. డెలిగేట్ కేరళాయన, భారీ మనిషి. చేతి గడియారం విప్పి టేబుల్ మీద పెట్టుకున్నాడు. చాకులేవీ అన్నాడు.

మా సారు అన్నను చూశాడు. అన్న నన్ను చూశాడు.

"మన చాకున్నది గద సారూ," అన్నాడు అన్న.

నలభై మందికి ఒక్క చాకు! అది ఆఫీసులో ఎంత కలిసిపోయిందంటే, చాకులు కొనాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. బజారు తెరవాలంటే పది దాటాలి, డెలిగేటేమో మధ్యాహ్నానికల్లా బయల్దేరాలన్నాడు. సారు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నేను బ్యాగులోంచి చాకు తీసి, డెలిగేట్ ముందు టేబుల్ మీద పెట్టి, తలుపు దగ్గర పేర్లు పిలిచే నా కుర్చీలోకి పోయాను.

ఒకడు లోపలికి పోయాడు, వచ్చాడు. రెండోవాడు పోయాడు, వచ్చాడు. మూడోవాడు మా రెండు చెవులాయన. ఆయన పోయిన నాలుగు నిమిషాలకు లోపలినుంచి కేక.

"మేడమ్! ఇధర్ ఆవో!"

లోపలికి పోయాను. మా సారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ముఖంలో రక్తం లేదు. డెలిగేట్ ఎర్రగా ఉన్నాడు. జాబితాలో ముగ్గురి పేర్ల పక్కన మూడు ఇంటూ గుర్తులు. ఆయన బూట్ల ముందు, నేల మీద, నా చాకు.

జరిగింది ఇది. టేబుల్ నిండా ఉల్లిగడ్డలు, ముక్కలు. కోయడం అయిపోయాక డెలిగేట్ చాకు తిరిగి ఇమ్మని చేయి చాపాడు. మొదటివాడు వంగి, చాకును ఆయన కాళ్ల ముందు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు. భారీ మనిషి ఆపసోపాలు పడుతూ వంగి తీసుకుని, రెండోవాడికి చేతికివ్వబోతే, వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, ఆయన కింద పెట్టాకే తీసుకున్నాడు. మూడోవాడు కూడా అంతే. ఇంత పొగరు ఉన్నవాళ్లు క్యాంపులో ఏం మాట వింటారు అంటున్నాడు ఆయన. రెండు చెవులాయన ఏం అర్థం కాక, "నేనేమన్న తప్పు జేసిన్నా బిడ్డా?" అన్నాడు. ఉల్లిగడ్డను ఆయన అర నిమిషంలో కోసి పడేశాడు. ముక్కలు చూస్తేనే తెలుస్తోంది.

నాకు ముందు కోపం వచ్చింది, వెంటనే నవ్వు వచ్చింది, రెండూ కలిసి నా హిందీ అంతా తారుమారయింది. ఎట్లాగో చెప్పాను. మా దగ్గర చాకు చేతికిస్తే ఆ ఇద్దరికీ గొడవ అవుతుందని, వీళ్లు కింద పెట్టింది మీతో గొడవ వద్దనేనని, అది పొగరు కాదు, మర్యాద అని. ఆయన నమ్మలేదు.

"అచ్ఛా? తో తుమ్ దో. హాథ్ మే దో," అని నాకు చేయి చాపాడు.

నేను వంగి చాకు తీసుకున్నాను. చదువుకున్నదాన్ని, ఆఫీసులో పనిచేసేదాన్ని, ఇందులో ఏముంది, ఇచ్చేద్దామనే అనుకున్నాను. చేయి ఆయన దాకా పోయింది, అక్కడ తిరిగింది, టేబుల్ మీద ఉల్లిముక్కల మధ్య చాకు పెట్టి వచ్చింది. నా చేయి నా మాట వినలేదు!

"సారూ, మీరు," అన్నాడు డెలిగేట్ మా సారుతో.

దేశాలు తిరిగొచ్చిన మా సారు ముందుకొచ్చాడు, చాకు తీశాడు, ఆయన ముఖంలోకి చూశాడు, మళ్లీ టేబుల్ మీద పెట్టేశాడు. పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

డెలిగేట్ ఒక్క క్షణం మా ముగ్గుర్నీ చూశాడు. తర్వాత ఆయన పొట్ట ఊగడం మొదలైంది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నానని, తనతో గొడవ వద్దనుకునే మనుషుల్ని ఇదే చూడటమని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మూడు ఇంటూలూ కొట్టేసి టిక్కులు పెట్టాడు. అక్కణ్ణించి పని అయిన ప్రతివాడూ చాకు టేబుల్ మీద పెట్టడం, తర్వాతివాడు తీసుకోవడం. హాలులో నవ్వులే నవ్వులు.

బాపు వంతు ముప్పై దాటాక వచ్చింది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

మొదటి బస్తాలో చివరి ఉల్లిగడ్డ ఆయనకు దక్కింది. పొట్టు తీశాడు. నిలువుగా కోశాడు. పల్చటి ముక్కలు ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చుకుంటూ పోయాడు. రెండు నిమిషాలకు డెలిగేట్ గడియారం మీద వేలు కొట్టాడు. సగం కూడా కాలేదు. ఆయన ఒక ముక్కను వెలుతురుకు పట్టి చూసి, పాపం అన్నట్టు తల ఊపాడు. ఎనిమిది వందల మందికి వండాలి, ఇట్లా కోస్తే ఈ రోజు అన్నం ఎల్లుండికి పెడతావు అన్నాడు. కలం పేరు మీదికి వచ్చింది. బాపు చాకును టేబుల్ మీద పెట్టి, పక్కకు జరిగి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. నాకు కళ్లముందు రాడ్లు, ఎండ, నలుగురు మోసుకొచ్చే మనిషి, ఇవే కనపడ్డాయి.

ఉల్లిగడ్డలు అయిపోయాయి కదా, మా సారు రెండో బస్తాను కాళ్ల మధ్య ఇరికించుకుని, చాకుతో మూతి కోయడం మొదలుపెట్టాడు. మిషన్ కుట్టు వేసిన ప్లాస్టిక్ బస్తా. నాలుగు కుట్లు తెగాయి, సంచి అడ్డంగా చిరిగింది, ఉల్లిగడ్డలు హాలంతా దొర్లిపోయాయి. సారు ఇంకో కుట్టు మీద చాకు పెట్టాడు.

"సారూ, కుట్టు కొయ్యకుండ్రి!"

బాపు. ఉద్యోగం పోయిందని చెప్పినా ఉలకని మనిషి, దారం తెగుతుంటే చూడలేకపోయాడు. నేను ఆఫీసులో పార్సిళ్లు కోస్తానంటే కూడా, "ఇప్పొచ్చు గద బిడ్డా, కోసుడెందుకు" అని మెల్లగా అనేవాడు. వచ్చి బస్తా ముందు కూర్చున్నాడు. మూతి ఒక చివర నుంచి ఇంకో చివరకు వేళ్లు పోనిచ్చాడు. ఒక కొస దొరికింది. రెండు వేళ్లతో పట్టుకుని లాగాడు. జర్రుమని మిగతా మూతి మొత్తం విచ్చుకుంది. దారం ఒక్కచోట తెగకుండా ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని వేళ్లకు చుట్టి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అలవాటు.

డెలిగేట్ కలం ఆగింది.

"ఫిర్ సే," అన్నాడు.

మళ్లీ చేయడానికి కుట్టిన బస్తా లేదు. చిరిగిన బస్తాను కుట్టమన్నాడు. బాపు జేబులోంచి అదే దారం తీశాడు. సూది లేదు, వేళ్లతోనే, చిరిగిన చోట అంచు మడిచి, ముడులు వేసి బిగించాడు. డెలిగేట్ బస్తాను ఎత్తి కుదిపి చూశాడు. ఒక్క ఉల్లిగడ్డ బయటికి రాలేదు. తన స్టోరులో రోజూ వందల బస్తాలు చించి పారేస్తారని, నేల మీద పప్పులు, బియ్యం ఊడ్చుకోవడమే ఒక పని అయిందని అన్నాడు. వంటగది కాదు, స్టోరులో పెడతానన్నాడు. అది కూడా నీడేనా సార్ అని అడిగాను. నీడేంటి, స్వెటర్ కావాలి అన్నాడు. నేను అందరి ముందూ ఎగిరి చప్పట్లు కొట్టాను. రెండు చెవులాయన ఈల వేశాడు.

బాపు మాత్రం నా దగ్గరికొచ్చి, "సారుకు చెప్పు బిడ్డా, కుట్టు కొయ్యద్దని," అన్నాడు.

రెండు నెలలకు ప్రయాణం. జగిత్యాల బస్టాండులో హైదరాబాదు బస్సు. అవ్వ వచ్చింది, నేను వచ్చాను. బాపుతోపాటు ఇంకో పదకొండు మంది, వాళ్లలో రెండు చెవులాయన. కొండగట్టు రాగానే గుడి కమాను దగ్గర మొక్కుకోవడానికి నిలపాలని వాళ్లంతా డ్రైవరుతో ఒప్పందం చేసుకుంటున్నారు. నేను ఆ పొద్దంతా నవ్వుతూనే ఉన్నాను, వాగుతూనే ఉన్నాను. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. బాపు కార్టన్‌కు చివరి తాడు నా చాకుతోనే కోసి బిగించాడు, తర్వాత బస్సెక్కాడు. మెట్టు మీద ఆగి, చొక్కా జేబు తడుముకున్నాడు. చాకు అందులోనే ఉంది. విమానంలోకి చాకు తీసుకుపోతే ఏమవుతుందో మా సారు నాలుగుసార్లు చెప్పాడు.

"ఆగు ఆగు," అని కిందికి దిగాడు.

నేను వంగి, అలవాటుగా, నేల వైపు చూస్తున్నాను. ఎక్కడ పెడతాడా అని. బాపు కింద పెట్టలేదు. నా కుడిచేయి లాగి, చాకును అరచేతిలో పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే దానిమీద మూశాడు.

"బాపూ! చేతికిచ్చినవ్!"

"తెల్సే ఇచ్చిన."

"కొట్లాట అయితది మనకు!"

"గానియ్యి. అయితె అయిపాయె. కొట్లాడెతందుకన్న వాపస్ రావాలె గద నేను."

డ్రైవరు హారన్ కొట్టాడు. బాపు ఎక్కేశాడు. నేను అరచేయి మూసుకుని అట్లానే నిలబడ్డాను. బస్సు కదిలాక అవ్వ నా ముఖం చూసి, "ఉల్లిగడ్డలేమన్న కోసినవా?" అంది. ఇద్దరమూ అక్కడే, బస్టాండు మధ్యలో, ఏడుస్తూ పడీ పడీ నవ్వాం.

మూడేళ్లు. ఆఫీసులో ఆ చాకును ఎవరడిగినా ఇచ్చాను, టేబుల్ మీద పెట్టి ఇచ్చాను. ఫోనులో బాపు ఎప్పుడూ రెండే విషయాలు చెప్పేవాడు. స్టోరులో చలిగా ఉంటుందని, వచ్చిన బస్తాలన్నీ తానే విప్పుతున్నానని. నేను మాత్రం ఫోను పెట్టేముందు, "మన కొట్లాట బాకీ ఉన్నది, యాదికున్నదా?" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు.

బాపు వచ్చిన రోజు పొద్దున ఇల్లంతా జనం. అందరూ పోయాక కార్టన్ విప్పుదామన్నాడు. దుప్పటి చుట్టి, చుట్టూ కుట్టేసి తెచ్చాడు, ఆయన చేతి కుట్టే. నాకు మూడేళ్ల ఆత్రం. బ్యాగులోంచి చాకు తీసి, టక్కున విప్పి, ఒక మూల నుంచి పరపరా కోసేశాను.

"ఏయ్! కుట్టు కొయ్యకు!"

"కోస్త! మూడేండ్లకొచ్చి నువ్వనే మొదటిమాట గిదేనా?"

"మూడేండ్లాయె, ఇంక నీకు బుద్ధి రాలె! ఎన్నిసార్లు చెప్పిన నీకు? దారం ఖరాబు చేస్తవ్!"

"దారం, దారం! నాకన్న నీకు దారమే ఎక్కువైంది!"

"అవు, ఎక్కువే! చాకిటు దే!"

"ఇయ్య!"

జన్మలో మొదటిసారి బాపు గొంతు వీధిలోకి వినపడింది. ఆయన అరుస్తున్నాడు, నేను అరుస్తున్నాను, ఇద్దరమూ కార్టన్‌ను చెరోవైపు పట్టుకుని గుంజుతున్నాం. దబదబా తలుపు తోసుకుని పక్కింటావిడ వచ్చింది, ఆమె వెనక ఇంకో నలుగురు.

"ఏమైందే? ఏమైంది?"

మా అవ్వ వంటింటి గడప మీద నిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది.

"ఏం గాలేదు. తండ్రీబిడ్డలు కొట్లాడుకుంటున్నరు. కొట్లాడుకోనియ్యి."